సైన్యాన్ని రోడ్డు మీద నడిపించి చూసిన చరిత్రకారుడు

మన బడి గురించీ, మన మాస్టార్ల గురించీ ఈ స్వర్ణోత్సవ సంచికలో నాకంటే బాగా రాయగలవాళ్ళు చాలామంది ఉన్నారు. అందుకని ఆ పని వాళ్ళకు వదిలేసి, నేను ఒక జర్మన్ చరిత్రకారుణ్ణి మీకు పరిచయం చేస్తాను. పేరు హాన్స్ డెల్‌బ్రుక్. 1848లో పుట్టి 1929లో చనిపోయాడు. బతుకంతా యూరప్ యుద్ధాల చరిత్ర చదివాడు, చెప్పాడు, రాశాడు. ముప్పై ఏళ్ళుగా రోడ్ల పని చేస్తున్న ఇంజనీరుకు ఈయనతో ఏం పని అని మీరు అడగవచ్చు. పని ఉంది. చరిత్ర పుస్తకంలో రాసిన సైన్యాన్ని తీసుకొచ్చి, రోడ్డు మీద నిలబెట్టి, పొడవెంతో కొలిచి చూసినవాడాయన.

సోషల్ పాఠాల్లో గ్రీకుల మీదికి పారశీక చక్రవర్తి జెర్‌క్సీస్ దండెత్తిన కథ మనలో చాలామంది చదువుకున్నాం. క్రీ.పూ. 480. థర్మోపిలే కనుమలో గుప్పెడు మంది గ్రీకులు ఆ మహాసైన్యాన్ని నిలబెట్టేశారు. ఎంత మహాసైన్యం? లెక్క చెప్పినవాడు హెరొడోటస్. డోరిస్కస్ అనే చోట సైన్యాన్ని ఎలా లెక్కించారో కూడా ఆయనే రాశాడు. ముందు పదివేల మందిని ఒకచోట కిక్కిరిసి నిలబెట్టి, చుట్టూ గీత గీసి, ఆ గీత మీద బొడ్డు ఎత్తు గోడ కట్టారట. తరువాత ఆ దొడ్డి నిండా మనుషుల్ని నింపుతూ, ఖాళీ చేస్తూ పోయారట. మన సైట్ల మీద కంకరను అడుగులేని చెక్కపెట్టెతో కొలుస్తాం చూడండి, అచ్చం అలాగే. దొడ్డి నూట డెబ్భైసార్లు నిండింది కాబట్టి కాలిబంట్లు 17 లక్షలు. గుర్రపుదళం 80 వేలు. ఒంటెలూ రథాల మీదివాళ్ళు 20 వేలు. దారిలో యూరప్ నుంచి చేరినవాళ్ళు 3 లక్షలు. నేలమీద నడిచే యోధులు మొత్తం 21 లక్షలు. ప్రతి యోధుడి వెనకా ఒక సేవకుడో వంటవాడో ఉంటాడని దాన్ని రెట్టింపు చేస్తే 42 లక్షలు. ఓడల మీదివాళ్ళ లెక్క వేరే.

రెండు వేల ఏళ్ళకు పైగా ఈ అంకె పుస్తకం నుంచి పుస్తకానికి ఎక్కుతూ వచ్చింది. కొందరు నమ్మారు. కొందరు ఇది కొంచెం ఎక్కువేమో అని గొణిగి, ఏ పదిలక్షల దగ్గరో సర్దుకున్నారు. డెల్‌బ్రుక్ వేసిన ప్రశ్న వేరు. ఇంత మంది నడిస్తే వరుస ఎంత పొడవుంటుంది?

ఆయన కాలపు జర్మన్ సైన్యంలో 30 వేలమంది ఉన్న ఒక కోర్, సరంజామా బండ్లు కాకుండానే, ఒక రోడ్డు మీద మూడు జర్మన్ మైళ్ళ పొడవు ఆక్రమించేది. ఇది ఊహించిన మాట కాదు, విన్యాసాల్లో రోజూ కనబడే కొలత. 42 లక్షలను 30 వేలతో భాగిస్తే 140. 140ని మూడుతో హెచ్చిస్తే 420 జర్మన్ మైళ్ళు. ఒక జర్మన్ మైలు దాదాపు ఏడున్నర కిలోమీటర్లు కాబట్టి మన లెక్కలో 3,150 కిలోమీటర్లు. హైదరాబాదు నుంచి ఢిల్లీకి రోడ్డు మీద వెళ్ళి తిరిగి వచ్చినంత దూరం. వరుసలో మొదటివాడు థర్మోపిలే చేరేటప్పటికి చివరివాడు టైగ్రిస్ నదికి ఆవల, సూసా నగరం నుంచి అప్పుడే బయలుదేరుతూ ఉంటాడని డెల్‌బ్రుక్ తేల్చాడు. దీనికి నా వంతుగా ఒక లెక్క కలుపుతాను. రోజుకు 20 కిలోమీటర్లు నడిచినా ఆ చివరివాడు థర్మోపిలే చేరడానికి ఐదు నెలలు దాటుతుంది. ముందు వచ్చినవాడు అన్నాళ్ళు ఏం తింటాడు?

భాగహారం, గుణకారం తప్ప ఇందులో ఏమీ లేవు. ఎనిమిదో తరగతి పిల్లవాడు చేయగలడు. ఆ పిల్లవాడికి ఈ లెక్క చేయాలని తట్టదు, అంతే. పెద్దలకూ తట్టలేదు.

తట్టడానికి ఆయన బతుకులో కారణాలున్నాయి. 1870-71లో ఫ్రాన్సుతో జరిగిన యుద్ధంలో ఆయన స్వయంగా పోరాడాడు. 1874 వసంతంలో విటెన్‌బర్గ్‌లో రిజర్వు దళంతో విన్యాసాలకు వెళ్ళినప్పుడు రుస్టోవ్ రాసిన కాల్బలాల చరిత్ర చదివాడు. తన దారి అక్కడే దొరికిందని చెబుతారు. పగలు దళంతో నడక, తీరిక దొరికితే అదే నడక గురించి పుస్తకం. ఆ ఏడాదే ప్రష్యా యువరాజు కొడుకు వాల్డెమార్‌కు చదువు చెప్పే పని దొరికింది. ఐదేళ్ళు చెప్పాడు. పదకొండేళ్ళ వయసులో 1879లో ఆ పిల్లవాడు డిఫ్తీరియాతో పోయాడు. తరువాత నెపోలియన్‌తో పోరాడిన సేనాని గ్నైజెనౌ జీవితచరిత్ర రాసి, 1881 నుంచి బెర్లిన్ విశ్వవిద్యాలయంలో యుద్ధచరిత్ర చెప్పడం మొదలుపెట్టాడు.

అక్కడ ఆయనకు పెద్ద గౌరవం ఏమీ దక్కలేదు. యుద్ధాలు సైనికాధికారుల సరుకు, పండితులకు ఎందుకని ప్రొఫెసర్లు అనుకునేవారు. ఎప్పుడూ కత్తి పట్టని ప్రొఫెసరుకు యుద్ధం ఏం తెలుసని సైనికాధికారులు అనుకునేవారు. యుద్ధచరిత్ర రాస్తానంటే ఆ కాలపు చరిత్రకారుల్లో పెద్దవాడైన రాంకే ఒప్పుకోలేదు. మొదటి సంపుటం చేతికిస్తే, రోమ్ చరిత్ర రాసిన మామ్‌సెన్ తనకు చదవడానికి తీరిక దొరకదేమో అన్నాడు. 1896లో ట్రైట్ష్కే చనిపోయాక ఆ పీఠం డెల్‌బ్రుక్‌కు వచ్చింది. రాజకీయ చరిత్రతో ముడిపెట్టి రాసిన ఆయన యుద్ధకళ చరిత్ర 1900 నుంచి 1920 దాకా నాలుగు సంపుటాలుగా వెలువడింది.

ఆయన పద్ధతి అంకెల్ని కొట్టిపారేయడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. కాగితాలు లేని కాలాన్ని ఎలా తూచాలో కూడా ఆయన చూపించాడు. 1887లో రాసిన పుస్తకంలో పారశీక యుద్ధాల పక్కన స్విస్ పల్లెజనం బర్గండీ ప్రభువు చార్లెస్‌తో చేసిన యుద్ధాలను పెట్టాడు. 1476లో గ్రాండ్‌సన్ దగ్గర చార్లెస్ లక్షకు పైగా సైన్యంతో వచ్చాడని స్విస్ కథకులు రాసుకున్నారు. కానీ బర్గండీ లెక్కల పుస్తకాలు మిగిలి ఉన్నాయి. జీతాలు, దళాలు అన్నీ అందులో ఉన్నాయి. వాటి ప్రకారం చూస్తే సైన్యం పద్నాలుగు వేలకు అటూ ఇటూ. గెలిచిన చిన్న జాతి, ఓడిన పెద్దరాజు సైన్యాన్ని ఏడెనిమిది రెట్లు పెంచి చెప్పుకుంది. కళ్ళెదుట రుజువున్న చోటే ఇలా ఉంటే, రుజువు లేని గ్రీకు కథను ఎంత తగ్గించి వినాలి? ఎం.బుక్‌లో రాసిన మట్టిపని ఒకటి, టేపు పెట్టి కొలిస్తే వచ్చే గుంత ఒకటి అని తెలిసిన మా శాఖవాళ్ళకు ఇది వెంటనే ఎక్కుతుంది.

సీజర్‌నూ ఆయన వదలలేదు. హెల్వెషియన్లూ వారి మిత్రులూ కలిసి 3,68,000 మంది ఆడా మగా పిల్లలతో ఇళ్ళు తగలబెట్టుకుని, మూడు నెలలకు సరిపడా పిండి పట్టుకుని బయలుదేరారని సీజర్ రాశాడు. అంతమంది, అన్ని బండ్లు సీజర్ చెప్పినట్టు కదలడం జరగని పని అని డెల్‌బ్రుక్ వాదించాడు. ఒక ఆదివారం నేనే లెక్క వేశాను. మనిషికి రోజుకు అరకిలో పిండి చొప్పున 90 రోజులకు 16,560 టన్నులు. జోడెడ్ల బండికి అర టన్ను అనుకుంటే 33,120 బండ్లు. ఎడ్లతో కలిపి బండికి ఎనిమిది మీటర్లు ఇస్తే, ఒకే వరుసలో 265 కిలోమీటర్లు. ఇది పిండి బండ్ల లెక్క మాత్రమే. ముసలివాళ్ళనూ పసిపిల్లలనూ ఎక్కించిన బండ్లు ఇందులో లేవు.

మన దగ్గరి అంకెల మీద ఈ టేపు పెట్టి చూడాలనిపించడం సహజం. భారతంలోని పద్దెనిమిది అక్షౌహిణుల్లో రథాన్నీ ఏనుగునూ గుర్రాన్నీ కాలిబంటునూ ఒక్కొక్కటిగా లెక్కిస్తే 39,36,600. జెర్‌క్సీస్ లెక్కకు ఎంత దగ్గరో చూడండి. కానీ అది ఇతిహాసం. దాని మీద టేపు పెట్టడం నాకిష్టం లేదు. రాయచూరు వేరు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు మీదికి నడిపిన సైన్యాన్ని ఆ తరువాత విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ దళం దళంగా రాసి పెట్టాడు. సూయల్ ఆ వివరాలను కూడితే 7,03,000 కాల్బలం, 32,600 గుర్రాలు, 551 ఏనుగులు తేలాయి. డెల్‌బ్రుక్ కొలతతో ఆ కాల్బలం ఒక్కటే ఒక దారిలో 500 కిలోమీటర్లు దాటుతుంది. విజయనగరం నుంచి రాయచూరుకు రెండు వందల కిలోమీటర్లు కూడా లేదు. అనేక దారుల్లో విడివిడిగా నడిచారంటే కొంత తగ్గుతుంది, నిజమే. తోలుతిత్తులతో నీళ్ళు మోస్తూ దారి పొడవునా నిలబడినవాళ్ళ గురించి నూనిజ్ రాశాడు. నాకు ఆ వాక్యం మీద ఉన్న నమ్మకం ఏడు లక్షల మీద లేదు. రాయలు గెలిచాడు, అందులో సందేహం లేదు. తక్కువ మందితో గెలిస్తే గొప్పతనం తగ్గుతుందా? సూయల్ పుస్తకం అచ్చయిందీ 1900లోనే, డెల్‌బ్రుక్ మొదటి సంపుటం వచ్చిన ఏడే.

ఇంతవరకూ చెప్పింది పాత రాజుల సంగతి. డెల్‌బ్రుక్‌కు అసలు కష్టం సొంత రాజు దగ్గర వచ్చింది.

ప్రష్యావాళ్ళకు ఫ్రెడరిక్ మహారాజు దేవుడితో సమానం. 1756 నుంచి 1763 దాకా ఏడేళ్ళు ఆస్ట్రియా, ఫ్రాన్స్, రష్యాలతో పోరాడి నిలిచాడు. శత్రుసైన్యాన్ని వెతికి, ఒక్క దెబ్బతో నిర్మూలించే పద్ధతికి ఆయనే ఆద్యుడని జర్మన్ జనరల్ స్టాఫ్ బోధించేది. కాదన్నాడు డెల్‌బ్రుక్. ఫ్రెడరిక్ సైన్యంలో సగం కూలికి వచ్చినవాళ్ళు, చీకటి పడితే పారిపోయేవాళ్ళు. ధాన్యం గిడ్డంగులకు దూరంగా పోతే తిండి లేదు. శత్రువుల బలం చూస్తే తనకంటే ఎంతో ఎక్కువ. అలాంటి రాజు నిర్మూలన యుద్ధం చేయలేడు. ఒకసారి పోరాడి, ఒకసారి తప్పుకుని, శత్రువు కోట ఒకటి పట్టి, గిడ్డంగి ఒకటి తగలబెట్టి, ఎదుటివాడు అలిసి సంధికి వచ్చేదాకా నిలబడతాడు. యుద్ధం రెండు రకాలని క్లాజ్‌విట్జ్ 1831లో చనిపోయే ముందు గుర్తించి, పూర్తిగా రాయలేకపోయాడు. ఆ ముక్కను డెల్‌బ్రుక్ పట్టుకున్నాడు. ఒకటి నిర్మూలన, రెండోది అలసట. రెండోది పిరికివాడి యుద్ధం కాదు, చేతిలో ఉన్న బలం కొలుచుకున్నవాడి యుద్ధం.

జనరల్ స్టాఫ్‌వాళ్ళు మండిపడ్డారు. ఆయన 1890లో పెరిక్లీస్ యుద్ధనీతి మీద పుస్తకం రాస్తూ అందులో ఒక కొంటెపని చేశాడు. స్టాఫ్‌వాళ్ళ కొలబద్దనే తీసుకుని ఫ్రెడరిక్ యుద్ధాలకు మార్కులు వేశాడు. ఆ లెక్కన ఫ్రెడరిక్ మూడో తరగతి సేనాని అని తేలింది! వెక్కిరింత ఎవరి మీదో తెలియక, జాతీయ వీరుణ్ణి అవమానించాడని ప్రష్యా శాసనసభలో గోల చేశారు. ఈ తగువు ఏళ్ళ తరబడి సాగింది. 1899లో డేనిష్ ప్రజల పట్ల ప్రభుత్వం చేస్తున్నదాన్ని తన పత్రికలో విమర్శించినందుకు క్రమశిక్షణ చర్య తీసుకుని, మందలించి, జరిమానా కూడా వేశారు. ఆయన తిరుగుబాటుదారు కాదు. రాచరికాన్ని కోరుకున్న సంప్రదాయవాది, జర్మనీ పెద్ద నౌకాదళం కట్టుకోవాలన్నవాడు. ఆయనకు నచ్చనిది కొలవకుండా మాట్లాడటం.

ఆయన పుస్తకాన్ని స్టాఫ్‌లో శ్రద్ధగా చదివిన పెద్దమనిషి ఒకరున్నారు. స్టాఫ్ అధిపతి ష్లీఫెన్. మొదటి సంపుటంలో క్రీ.పూ. 216 నాటి కానే యుద్ధం ఉంది. తనకంటే పెద్దదైన రోమన్ సైన్యాన్ని హన్నిబాల్ రెండు పక్కల నుంచీ చుట్టేసి నాశనం చేసిన కథ. ష్లీఫెన్‌కు అది పట్టుకుంది. బెల్జియం మీదుగా తిరిగి ఫ్రెంచి సైన్యాన్ని చుట్టేయాలనే ఆలోచనకు కానే ఆదర్శమైంది. కానే గెలిచిన హన్నిబాల్ చివరికి యుద్ధం ఓడిపోయాడన్న మాట కూడా అదే సంపుటంలో ఉంది. ష్లీఫెన్ చదివింది గెలిచిన పేజీలనే అనుకుంటాను.

1914లో మార్న్ నది దగ్గర ఆ ఎత్తు చెదిరిపోయింది. యుద్ధకాలమంతా డెల్‌బ్రుక్ తన పత్రికలో నెలనెలా వ్యాఖ్యానం రాశాడు. కొన్నాళ్ళకే ఆయనకు అర్థమైంది, ఇది ఫ్రెడరిక్ యుద్ధంలాంటిదని. అందరినీ నిర్మూలించే బలం జర్మనీకి లేదు. నిలబడాలి, శత్రువుల్లో ఒకణ్ణి ఒప్పందానికి తేవాలి, అందుకు బెల్జియాన్ని వదిలేస్తామని బహిరంగంగా చెప్పాలి. 1915లో పదమూడు వందలకు పైగా ప్రముఖులు, వారిలో వందలమంది ప్రొఫెసర్లు, ఆక్రమించిన భూములు వదలకూడదని సంతకాలు చేశారు. దానికి ఎదురు అర్జీని డెల్‌బ్రుక్ తయారుచేస్తే వచ్చిన సంతకాలు నూట నలభై చిల్లర. వాటిలో ఐన్‌స్టీన్, మాక్స్ ప్లాంక్ సంతకాలున్నాయి. ఆ యుద్ధంలోనే ఆయన పెద్ద కొడుకు చనిపోయాడు.

1918 మార్చి 21న లుడెన్‌డార్ఫ్ పశ్చిమ రంగంలో ఆఖరి పెద్ద దాడి మొదలుపెట్టాడు. నాలుగేళ్ళలో ఎవరూ దాటలేనంత భూమి కొన్ని రోజుల్లో దాటారు. తరువాత ఆగిపోయారు. యుద్ధం ముగిశాక, ఓటమికి కారణాలు విచారించిన పార్లమెంటు కమిటీ ముందు డెల్‌బ్రుక్ చెప్పింది చదివితే, హెరొడోటస్ మీద పెట్టిన టేపే ఇక్కడా పెట్టాడని తెలుస్తుంది. గుర్రాలు చాలవు, బండ్లు చాలవు, వెనక నుంచి పూరించడానికి మనుషులు లేరు. రక్షణ గీత చీల్చినా, చీల్చిన సందులోంచి సైన్యాన్ని దూరం నడిపించే సాధనం లేదు. అయినా లుడెన్‌డార్ఫ్ నిర్మూలన యుద్ధమే తలపెట్టాడు. గురి ఎక్కడ పెట్టాలో ముందు తేల్చుకోకుండా, శత్రువు ఎక్కడ మెత్తగా ఉంటే అటు తోసుకుపోయాడు. దాడికి ముందు బెల్జియం సంగతి తేల్చి ఒక రాజీమాట అనాల్సింది, అదీ అనలేదు. నలభై ఏళ్ళ కిందట ఫ్రెడరిక్ గురించి ప్రొఫెసర్లూ కల్నల్సూ జుట్లు పట్టుకున్న వాదం ఎందుకంత ముఖ్యమో అప్పుడు తెలిసింది. తెలిసేనాటికి లక్షల మంది పోయారు.

సైన్యం ఓడలేదు, ఇంట్లోవాళ్ళు వెన్నుపోటు పొడిచారు అనే మాట ఆ రోజుల్లో జర్మనీ అంతా పాకింది. దాని మీద 1925లో మ్యూనిక్‌లో నడిచిన కేసులో ఈ డెబ్భై ఏడేళ్ళ ముసలాయన నిపుణుడిగా సాక్ష్యం చెప్పడానికి వెళ్ళాడు. ఆ అబద్ధం ఆగలేదు. దానిమీద ఎక్కి ఎవరు అధికారంలోకి వచ్చారో చూడకుండానే 1929 జులైలో ఆయన పోయాడు. ఆ వచ్చినవాళ్ళను ఎదిరించినవాళ్ళలో ఆయన కొడుకు యుస్టుస్, అల్లుడు క్లాస్ బోన్‌హోఫర్ ఉన్నారు. అల్లుణ్ణి 1945 ఏప్రిల్‌లో చంపేశారు.

డెల్‌బ్రుక్ చెప్పినదంతా నిలవలేదు. ఒకసారి అంకెలు కోయడం మొదలుపెట్టాక ఆయన చేయి ఆగేది కాదు. పారశీకులు గ్రీకులకంటే కూడా తక్కువ మంది అనేదాకా వెళ్ళాడు. తరువాతి పరిశోధకులు చాలామంది అది మరీ తక్కువన్నారు. మారథాన్‌లో ఎథెన్స్‌వాళ్ళు బరువు ఆయుధాలతో ఒకటిన్నర కిలోమీటరు పరుగెత్తి శత్రువు మీద పడ్డారన్నది అసాధ్యమని ఆయన అన్నదాని మీద ఇప్పటికీ తగువు నడుస్తోంది. 1970ల్లో అమెరికాలో కుర్రవాళ్ళకు బరువులు కట్టి ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించి మరీ చూశారు. వాళ్ళు ఆయన వైపే మొగ్గారు.

చిన్న కొడుకు మాక్స్ చరిత్ర వైపు రాలేదు. భౌతికశాస్త్రంలో మొదలై జీవశాస్త్రానికి వెళ్ళాడు. 1943లో లూరియాతో కలిసి గాజు పళ్ళేల్లో పెరిగిన బాక్టీరియా గుంపులను లెక్కపెట్టి, ఒక పళ్ళేనికీ ఇంకో పళ్ళేనికీ ఆ లెక్కలో వచ్చే తేడా నుంచి ఉత్పరివర్తనాలు ఎలా పుడతాయో తేల్చాడు. 1969లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. కొడుకూ లెక్కపెట్టేవాడే అయ్యాడు.

నాలుగు సంపుటాలకూ ఇంగ్లీషు అనువాదం ఉంది. వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలలో భాషలు చెప్పిన రెన్‌ఫ్రో 1975-85 మధ్య చేశారు. నేను చదివింది అదే. నా సెట్టు మన బడి లైబ్రరీకి ఇస్తున్నాను. మొదటి సంపుటం మార్జిన్లలో పెన్సిలుతో నేను వేసుకున్న లెక్కలున్నాయి, క్షమించాలి. లెక్కల మాస్టారూ సోషల్ మాస్టారూ కలిసి ఒక శనివారం మధ్యాహ్నం తొమ్మిదో తరగతి పిల్లలతో జెర్‌క్సీస్ సైన్యాన్ని మన ఊరి మెయిన్ రోడ్డు మీద నిలబెట్టించగలిగితే, ఆ వరుస ఏ ఊరిదాకా వచ్చిందో నాకు ఒక ముక్క రాయండి.